గోళ్లు దిద్దిన చేతులే విమానం నడిపాయి

ముప్పై దగ్గర పడ్డాక ఇంకేం నేర్చుకుంటాంలే అనే మాట మన ఇళ్లల్లో ఎంత సులువుగా వచ్చేస్తుందో! కుట్టు వచ్చినవాళ్లం మిషను దగ్గరే, వంట బాగా చేసేవాళ్లం పొయ్యి దగ్గరే ఆగిపోతాం. తెలిసిన పని ఒకటుంటే అదే మన గిరి అనుకుంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బెస్సీ కోల్‌మన్ గుర్తొస్తుంది. సెలూన్లో మగవాళ్ల గోళ్లు కత్తిరించి, అరగదీసి, నున్నగా దిద్దే పని ఆమెది. 29 ఏళ్ల వయసులో పైలట్ అయింది.

బెస్సీ 1892 జనవరి 26న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. 13 మంది పిల్లల్లో పదోది. తండ్రి వంశంలో అమెరికా ఆదివాసుల రక్తం కూడా ఉంది. నల్లవాళ్లకు ఓటు లేకుండా, రైల్లో వేరే పెట్టె, ఊళ్లో వేరే బడి అంటూ నడిచిన కాలం అది. ఆ అవమానాలు భరించలేక 1901లో తండ్రి ఓక్లహోమా వైపు వెళ్లిపోయాడు. తల్లి సూసన్ పిల్లలతో వాక్సహాచీ అనే ఊళ్లోనే ఉండిపోయి, తెల్లవాళ్ల ఇళ్లల్లో పనికి కుదిరింది. చెల్లెళ్లను చూసుకోవడం తొమ్మిదేళ్ల బెస్సీ వంతయింది.

ఆ పిల్ల మైళ్ల దూరం నడిచి ఒంటిగది బడికి వెళ్లేది. పత్తితీతలు మొదలైతే చాలు, బడి మూసేవాళ్లు. పిల్లలందరూ చేలోకే. అయినా లెక్కల్లో మహా చురుకు. కాస్త పెద్దయ్యాక పదిమంది బట్టలు ఉతికి, ఆ డబ్బు దాచుకుని 1910లో ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్‌లో కాలేజీలో చేరింది. ఒక్క టెర్మ్ అయ్యేసరికి దాచుకున్నది అయిపోయింది. ఏం చేస్తుంది? తిరిగొచ్చి మళ్లీ బట్టల మూట ముందు కూర్చుంది.

23వ ఏట షికాగోలో ఉన్న అన్నల దగ్గరకు చేరింది. అక్కడా ఎవరింట్లోనో చాకిరీ తప్పదనుకునే రోజుల్లో, ఆమె గోళ్లు దిద్దే పని నేర్చుకుని ఒక సెలూన్లో చేరింది. చిన్న బల్ల, ఎదురుగా కస్టమరు, మధ్యలో అతని చెయ్యి. చూడ్డానికి అంతే. కానీ ఆ సెలూనుకు నల్లజాతి వాళ్లలో పేరున్నవాళ్లూ, వ్యాపారస్తులూ వచ్చేవారు. చెయ్యి ఆమెకిచ్చి లోకం సంగతులన్నీ మాట్లాడుకునేవారు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే కదా!

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లొచ్చిన అన్న జాన్ ఒకరోజు ఆమెను ఆటపట్టించాడు. ఫ్రాన్సులో ఆడవాళ్లు విమానాలు కూడా నడుపుతున్నారనీ, అది మీవల్ల అయ్యే పని కాదనీ ఎగతాళి చేశాడు. మనమైతే ఆ పూట చిన్నబుచ్చుకుని ఊరుకుందుం. బెస్సీ పైలట్ కావాలని ఆ మాటతోనే నిశ్చయించుకుంది.

అమెరికాలో విమానం నేర్పేవాళ్ల దగ్గరకు వెళితే ఒక్కరూ చేర్చుకోలేదు. ఆడది, పైగా నల్లది. షికాగో డిఫెండర్ పత్రిక స్థాపకుడు రాబర్ట్ ఎబాట్ ఆమె పట్టుదల చూసి, ముందు ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్సుకే వెళ్లమని సలహా ఇచ్చాడు. పగలు పని, ఆపైన ఫ్రెంచి పాఠాలు. ఇంకాస్త జీతం వస్తుందని ఒక హోటల్ చూసుకునే ఉద్యోగంలో చేరింది. తన పొదుపుకు తోడు కొందరు పెద్దలు సాయం చేశారు. 1920 నవంబరులో ఓడెక్కింది.

ఫ్రాన్సులో ఆమె చేరింది కోద్రోన్ సోదరుల విమాన పాఠశాల. అక్కడి న్యూపోర్ట్ విమానం కర్ర, బట్ట, తీగలతో కట్టింది. పైన కప్పు లేదు. చక్రంలాంటి స్టీరింగు లేదు, బ్రేకులూ లేవు. చేతిలో ఒక లావుపాటి కర్ర, కాళ్ల కింద ఒక అడ్డపట్టె, అంతే. గురువు ముందు సీట్లో, బెస్సీ వెనక సీట్లో. ఇంజను హోరులో మాట వినిపించదు. గురువు కర్ర ఎటు కదిలిస్తే తన ముందున్న కర్రా అటు కదిలేది. ఆ కదలికే పాఠం. తోటి విద్యార్థి ఒకరు ప్రమాదంలో పోవడం కూడా చూసింది. అయినా వెనక్కి రాలేదు. 1921 జూన్ 15న అంతర్జాతీయ పైలట్ లైసెన్సు చేతికొచ్చింది. నల్లజాతి స్త్రీకి దక్కిన తొలి లైసెన్సు అదే. మనందరం పేరు విన్న అమీలియా ఇయర్‌హార్ట్‌కు ఇలాంటి లైసెన్సు దొరికింది 1923లో.

తర్వాతంతా పూలబాట అనుకుంటే పొరపాటే. ప్రయాణికుల విమానాలు పెద్దగా లేని రోజులు. పైలట్‌కు బతుకుతెరువంటే జనం ముందు ఆకాశంలో గిరికీలు కొట్టడమే. దానికోసం మళ్లీ యూరప్ వెళ్లి విన్యాసాలు నేర్చుకొచ్చి, 1922 సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర తొలి ప్రదర్శన ఇచ్చింది. 1923లో కాలిఫోర్నియాలో పైకి లేచిన కాసేపటికే ఇంజను ఆగి విమానం కూలింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి. కాలు బాగుపడ్డాక మళ్లీ విమానం ఎక్కింది.

నాకు ఆమెలో మరీ నచ్చింది ఆ మొండి ధైర్యం కన్నా ఇంకొకటి. డబ్బు ఎంత అవసరమైనా తలవంచేది కాదు. సినిమాలో వేషం వస్తే, తొలి సీనులోనే చిరుగు బట్టలతో మూట మోస్తూ రావాలన్నారని వదిలేసుకుంది. తను పెరిగిన వాక్సహాచీలో ప్రదర్శన పెట్టినప్పుడు తెల్లవాళ్లకో గేటు, నల్లవాళ్లకో గేటు అన్నారు. అందరూ ఒకే గేటులోంచి వస్తేనే ఎగురుతానంది. లోపల సీట్లు వేరువేరుగానే ఉంచారు, కానీ గేటు మాత్రం ఒకటే చెయ్యక తప్పలేదు.

ఇంత తిప్పలూ ఎందుకంటే, నల్లజాతి పిల్లలకు విమానం నడపడం నేర్పే బడి ఒకటి పెట్టాలని. తనలా ఇంకెవరూ సముద్రం దాటాల్సిన పని ఉండకూడదని. ప్రదర్శనల సంపాదన చాలక, ఫ్లోరిడాలోని ఒర్లాండోలో బ్యూటీ షాపు తెరిచింది. చూశారా! ఆకాశంలో పేరు తెచ్చుకున్నాక కూడా పాత పనిని చిన్నతనంగా చూడలేదు. ఒకప్పుడు తనను ఫ్రాన్సుకు పంపిన పనే బడి కట్టడానికీ ఆసరా అవుతుందనుకుంది.

ఆ బడి ఆమె చూడలేదు. 1926 ఏప్రిల్ 30న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, మర్నాటి ప్రదర్శనలో పారాచూట్‌తో ఎక్కడ దూకాలో చూసుకోవడానికి పైకెళ్లింది. విమానం మెకానిక్ విలియం విల్స్ నడుపుతున్నాడు. వంగి కిందికి చూడాలి కాబట్టి బెల్టు పెట్టుకోలేదు. లోపల ఉండిపోయిన ఒక రెంచి యంత్రంలో ఇరుక్కుని విమానం తలకిందులైంది. బెస్సీ జారి పడిపోయింది. విల్స్ కూడా బతకలేదు. ఆమెకు అప్పటికి 34 ఏళ్లు. షికాగోలో అంత్యక్రియలకు వేల మంది వచ్చారు.

1929లో లాస్ ఏంజిలిస్‌లో విలియం పావెల్ అనే ఆయన బెస్సీ పేరుతో ఒక విమాన క్లబ్బు పెట్టాడు. బెస్సీని చూసి ఉత్సాహం తెచ్చుకున్న విల్లా బ్రౌన్ అనే టీచరు 1938లో లైసెన్సు సంపాదించింది. ఆమె షికాగోలో కార్నీలియస్ కాఫీతో కలిసి నడిపిన విమానాల బడిలో నేర్చుకున్నవాళ్లలో కొందరు రెండో ప్రపంచయుద్ధంలో పైలట్లయ్యారు. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి స్త్రీ మే జెమిసన్ తన వెంట బెస్సీ ఫోటో తీసుకెళ్లింది.

మనమందరం విమానాలు నడపక్కర్లేదు. కానీ మన చేతిలో ఉన్న చిన్న పనిని ఒకసారి వేరే కళ్లతో చూడొచ్చు. దాన్లోంచి నాలుగు రూపాయలు మిగులుతాయి, నలుగురు పరిచయమవుతారు, నాలుగు సంగతులు తెలుస్తాయి. గోళ్లు దిద్దే బల్ల ముందు బెస్సీ కూడబెట్టుకున్నవి అవే.