మాట్ టాల్బట్: తాగుడు మానిన కూలీ

రోజూ పనికి వెళ్లేవాడు తాగుబోతు ఎలా అవుతాడని మనం సరిపెట్టుకుంటాం. మాట్ టాల్బట్ కూడా కష్టపడి పనిచేసే కూలీయే.

1856లో ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో పేద ఇంట పుట్టాడు. 12వ ఏట సారా వ్యాపారి దగ్గర పనికి చేరి తాగుడు మరిగాడు. జీతమంతా సారా దుకాణానికే పోయేది. కాళ్లకున్న బూట్లు కూడా తాకట్టు పెట్టాడు. ఒకసారి వీధిలో వాయించుకు బ్రతికేవాని ఫిడేలు దొంగిలించి, ఆ డబ్బూ తాగేశాడు.

గమనించారా? ఎంత తాగుతున్నాడన్నది కాదు, తాగుడు కోసం ఏమేమి వదులుకుంటున్నాడన్నదే గుర్తు.

1884లో చేతిలో పైసా లేక దుకాణం బయట నిలబడితే, తాను తాగించిన స్నేహితులే పలకరించకుండా వెళ్లిపోయారు. ఆనాడే ఇంటికి వెళ్లి తల్లితో చెప్పి, గురువు ఎదుట మూడు నెలలకు మాత్రం ప్రమాణం చేశాడు. తర్వాత పొడిగించి, జీవితాంతం నిలుపుకొన్నాడు. జేబులో డబ్బు పెట్టుకోవడం మానాడు, అనుదినం దివ్యపూజలో పాల్గొన్నాడు, అప్పులు తీర్చాడు, ఫిడేలు యజమాని కోసం వెదికాడు.

1925 జూన్ 7న పూజకు వెళ్తూ దారిలోనే కూలి మరణించాడు. 1975లో తిరుసభ ఆయనను పూజ్యునిగా ప్రకటించింది.

మీ ఇంట జీతం తరిగిపోతోందా? వస్తువులు మాయమవుతున్నాయా? అబద్ధాలు పెరుగుతున్నాయా? దాచకండి, దూషించకండి. ఇది జబ్బు కూడా. ప్రార్థనతోపాటు వైద్యుని దగ్గరకూ తీసుకెళ్లండి. ఒక్కసారిగా మానితే ప్రమాదం ఉండవచ్చు.