ఐస్‌క్రీమ్ అమ్మి పళ్ల డాక్టర్లను తయారుచేసిన రఫీయుద్దీన్ అహ్మద్ సాబ్

వరంగల్: మన కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు పన్ను నొప్పి వస్తే ముందు లవంగం పెట్టుకుంటారు, తర్వాత మెడికల్ షాపులో గోళీ తెచ్చుకుంటారు. దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. నొప్పి ఓర్వలేక చివరికి పోయేసరికి పన్ను పీకించుకోవడం తప్ప వేరే దారి ఉండదు. వందేళ్లకు పైగా వెనక్కి పోతే ఆ దారి కూడా సరిగా లేదు. పళ్ల డాక్టర్లను తయారుచేసే కాలేజీ దేశంలో ఒక్కటీ లేని రోజులవి. ఆ లోటు తీర్చిన మనిషి డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్.

ఆయన 1890 డిసెంబర్ 24న అప్పటి తూర్పు బెంగాల్‌లో పుట్టారు. అలీగఢ్‌లో చదువుకుని అమెరికా వెళ్లారు. 1915లో అయోవా యూనివర్సిటీ నుంచి దంతవైద్యంలో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత బోస్టన్‌లోని ఫోర్సిత్ దవాఖానలో పనిచేశారు. పేద పిల్లల పళ్లకు వైద్యం చేయడానికే పెట్టిన దవాఖాన అది.

అక్కడే ఉండిపోతే హాయిగా సంపాదించుకునేవారు. కానీ 1919లో వాపసు వచ్చేశారు. తానొక్కడే క్లినిక్ పెట్టుకుంటే ఎంతమందిని చూడగలరు? అందుకే 1920లో కలకత్తాలో దేశంలోనే మొదటి డెంటల్ కాలేజీ మొదలుపెట్టారు. దాని ఖర్చు కోసం ఆయన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ పేరుతో ఐస్‌క్రీమ్, శీతల పానీయాల దుకాణం నడిపారు. దుకాణంలో వచ్చిన పైసలు కాలేజీకి పోయేవి. వ్యాపార లెక్కలో చూస్తే ఇది నష్టాల బేరమే. కానీ ఆ పెట్టుబడితో తయారైంది డాక్టర్లు. ముహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా కూడా ఈ కాలేజీలో చదివి, 1923లో బొంబాయిలో క్లినిక్ తెరిచారు.

అహ్మద్ సాబ్ కాలేజీతోనే ఆగలేదు. 1925లో దంతవైద్య పత్రిక మొదలుపెట్టారు. 1928లో విద్యార్థుల కోసం పుస్తకం రాశారు. అర్హత లేనివాళ్లు జనం నోళ్లలో చేతులు పెట్టకుండా చట్టం కావాలని పట్టుబట్టారు. 1939లో బెంగాల్ డెంటిస్ట్ చట్టం వచ్చింది, 1948లో దేశమంతటికీ డెంటిస్ట్స్ చట్టం వచ్చింది.

1949లో, తన చేతులతో కట్టిన కాలేజీని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించేశారు. తర్వాత బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. మరుసటి ఏడు, 1965లో ఇంతెకాల్ చేశారు. ఆ కాలేజీ ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆయన పుట్టినరోజును మన దగ్గర జాతీయ దంతవైద్యుల దినంగా జరుపుకుంటారు.

డెంటల్ కాలేజీ అంటే అందులో దవాఖాన కూడా ఉంటుంది. విద్యార్థులు సీనియర్ డాక్టర్ల ముందు పేషెంట్లకు వైద్యం చేస్తూ పని నేర్చుకుంటారు. పేషెంట్‌కు తక్కువ ఖర్చులో పని అవుతుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. బీడీఎస్ చదివేవాళ్లు బస్తీలకు, ఊళ్లకు పోయి క్యాంపుల్లో పళ్లు చూడటం కూడా ఇప్పుడు చదువులో భాగమే. మీ గల్లీకి అలాంటి క్యాంపు వస్తే నొప్పి లేకపోయినా ఒకసారి నోరు చూపించుకోండి. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే పన్ను మిగులుతుంది, మరుసటి రోజు కూలీ మిగులుతుంది.