పదవికి వన్నె తెచ్చిన ఆచార్యుడు

కురబలకోట మండలమందలి అంగళ్లులో నేడు ఇంజనీరింగు కళాశాల కలదు. శతాబ్దమునకు పూర్వము ఈ సీమ బాలునకు పట్టము కావలెనన్న మద్రాసు విశ్వవిద్యాలయమే శరణ్యము. మద్రాసు రాజధానిలోని తెలుగువారికి తమదను విశ్వవిద్యాలయము లేకుండెను. ఆ కొరత తీర్చు భారము చిత్తూరు బిడ్డయగు కట్టమంచి రామలింగారెడ్డిగారిపై పడెను.

చిత్తూరు చెంత కట్టమంచిలో 1880లో జన్మించిన రెడ్డిగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను విద్యనభ్యసించిరి. బరోడాలోను, పిమ్మట మైసూరు మహారాజా కళాశాలలోను ఆచార్యులైరి. 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వవిచారము’ తెలుగు విమర్శకు క్రొత్త దారి చూపెను. మైసూరులోనే ప్రిన్సిపాలుగను, విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలుగను పనిచేసి పరిపాలనమందలి మెలకువలు గ్రహించిరి. 1921లో ఆ కొలువు వీడి రాజకీయములలో ప్రవేశించిరి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో ఆరంభము కాగా రెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులైరి. శాసనము ఉండెనే కాని భవనములు లేవు, ధనము స్వల్పము. పైగా కేంద్రస్థానమెచ్చటనను వివాదము చెలరేగెను. తుదకు వాల్తేరు నిర్ణయమయ్యెను; రాయలసీమ కళాశాలలు మద్రాసు అనుబంధముననే నిలిచెను. తాము పుట్టిన సీమయే తాము నిర్మించు విద్యాలయమునకు వెలుపల నిలుచుట ఎంతటి కష్టము! అయినను రెడ్డిగారు పని విడువలేదు.

అంతలో మరియొక పరీక్ష వచ్చెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమును ప్రభుత్వము కఠినముగ అణచుచుండెను. పదవి నిలుపుకొన్న తాము నాటిన మొక్క తమ చేతిలోనే పెరుగును. మౌనము వహించిన మనస్సాక్షి యొప్పదు. రెడ్డిగారు నిరసనగా రాజీనామా చేసిరి. 1931లో ఆ పీఠమధిష్ఠించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యాలయమును వృద్ధి నొందించిరి. నిర్మాత తొలగినను సంస్థ కూలలేదు. పునాది గట్టిదనుటకు అంతకన్న నిదర్శనమేమి?

1936లో రెడ్డిగారు తిరిగి ఉపాధ్యక్షులై 1949 వరకు ఆ భారము వహించిరి. యుద్ధకాలమున, 1942లో విశాఖపట్టణముపై బాంబులు పడగా, విద్యాలయమును గుంటూరునకు తరలించి బోధన సాగించిరి. శాంతి నెలకొన్న పిమ్మట వాల్తేరు మరల కళకళలాడెను.

1951లో రెడ్డిగారు పరమపదించిరి. మూడేండ్లకు, 1954లో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసి ఈ సీమ కొరత తీరెను. పాండిత్యము గలవారు పరిపాలనకు పనికిరారను మాట లోకమున కలదు. ఎప్పుడు పదవిని చేపట్టవలెనో, ఎప్పుడు విడువవలెనో, మరల ఎప్పుడు భారమెత్తుకొనవలెనో ఎరిగిన ఈ ఆచార్యుని జీవితమే ఆ మాటకు సమాధానము.