తన్ను తాను పరీక్షించుకొనిన అగస్టీను

యెరికో దారిప్రక్కను కూర్చుండిన గ్రుడ్డి బర్తిమయిని పిలిపించి, అతనికేమి కావలెనో ప్రభువు అడిగెను. గ్రుడ్డివానికి కావలసినది చూపేయని వీధిలో ఆడుకొను పిల్లలకును తెలియును. అయినను అతని నోటనే చెప్పించెను. బర్తిమయి తడుముకొనక చెప్పెను. అదే ప్రశ్నకు జవాబు తెలియక ఏండ్ల తరబడి తిరుగులాడిన యొక పండితుని సంగతి ఈ నెల మన సంఘస్థులకు చెప్పగోరుచున్నాము.

అగస్టీను క్రీ. శ. 354లో ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశమందలి తగస్తే అను పట్టణమున పుట్టెను. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. 16వ యేట అతడు స్నేహితులతో కూడి రాత్రివేళ పొరుగుతోటలోని బేరిపండ్లు దొంగిలించెను. ఆకలి లేదు, అంతకంటె మంచి పండ్లు తనకే యున్నవి. దొంగిలించినవి పందులకు పారవేసిరి. మన యూళ్లలో పరుల మామిడికాయలు రాల్చనివారెవరు? మేమును రాల్చినవారమే. కాని పెద్దయిన పిమ్మట, ఆ రాత్రి మనకు నిజముగా కావలసినదేమని కూర్చుండి విచారించుకొన్నవారు అరుదు. అగస్టీను విచారించుకొనెను. కావలసినది పండు కాదు. తప్పు చేయుటలోని రుచి, తోడివారి నవ్వు. ఒంటరిగానైతే ఆ చెట్టు దాపునకే పోయియుండడని తెలిసికొనెను.

కార్తేజు నగరమున చదివెను. 19వ యేట సిసెరో గ్రంథమొకటి చదివి జ్ఞానమును కోరెను. ఆ కోరికతోనే మానీ మతస్థులలో చేరి సుమారు 9 ఏండ్లుండెను. 384లో ఇటలీలోని మిలాను నగరమునకు పోయి వక్తృత్వము నేర్పు ఉపాధ్యాయుడాయెను. పేరు, ధనము, పెండ్లి, ఇవే తనకు కావలెననుకొనెను. చక్రవర్తిని పొగడు ప్రసంగమొకటి చేయవలసి, అందులోని అబద్ధములను తలంచుకొని కలతపడుచు వీధిని పోవుచుండగా, త్రాగిన బిచ్చగాడొకడు నవ్వుచు కనబడెను. నాలుగు డబ్బులకు వానికి దొరికిన సంతోషమైనను తన ప్రయాసమునకు దొరకలేదే యని అగస్టీను తోడివారితో చెప్పి దుఃఖించెను.

పెండ్లి సంబంధము కుదిరినందున, ఎన్నో ఏండ్లు తనతో కాపురముండి కుమారుని కనిన స్త్రీని ఆఫ్రికాకు పంపివేసెను. తన చరిత్ర అంత విపులముగా వ్రాసినవాడు ఆమె పేరు వ్రాయలేదు. ఇది మాకు నేటికిని కష్టముగానే యున్నది. పెండ్లికూతురు ఇంకను చిన్నది గనుక, ఆ లోపల మరియొక స్త్రీని చేర్చుకొనెను. అప్పుడు తెలిసినది, తాను కోరినది పెండ్లి కాదని, అలవాటునకు తాను దాసుడని.

అంబ్రోసు బిషప్పు ప్రసంగములవలన బుద్ధిలోని సందేహములు చాలవరకు తీరినవి. అయినను మనస్సు కదలలేదు. యౌవనమునుండి పవిత్రతకై ప్రార్థించుచునే, దేవుడు త్వరపడి వినునేమోయని లోలోపల భయపడినవాడతడు. కోరువాడును తానే, అడ్డగించువాడును తానే! 386లో ఒక తోటలో ఏడ్చుచుండగా, తీసి చదువుమను పిల్లస్వరము వినబడెను. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము కంటబడెను. మరుసటి సంవత్సరము ఈస్టరునకు బాప్తిస్మము పొందెను.

391లో హిప్పో సంఘస్థులు అతనిని బలవంతముగా పట్టి గురువుగా చేసిరి. కొన్ని ఏండ్లకు బిషప్పాయెను. అంతటితో తన్ను తాను పూర్తిగా తెలిసికొంటిననుకొనలేదు. గుడిలో పాట వినునప్పుడు తన్ను కదిలించునది మాటలా, రాగమా అని అడుగుకొనెను. జనుల మెప్పునందు తనకెంత ఆశ యున్నదో తేల్చుకొనలేక పోయెను. ప్రసంగమైన పిమ్మట గుమ్మమున నిలిచి చెవి యొగ్గు మాబోటివారము ఆ పుటలను త్వరగా త్రిప్పివేయుదుము.

430లో వాండలులు హిప్పోను ముట్టడించియుండగా జ్వరముతో పడకనుండెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి గోడకు పెట్టించెను. వైద్యులు వచ్చునప్పుడు, భోజనము తెచ్చునప్పుడు తప్ప ఎవరును లోనికి రావద్దనెను. 75 ఏండ్ల ఆ బిషప్పు సుమారు పది దినములు వాటిని చదువుచు, ఏడ్చుచు నుండి, ఆగస్టు 28వ తేదీన కన్నుమూసెను.