పొలంలోంచి ఇంధనం రావాలన్న హెన్రీ ఫోర్డ్

కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన మాకు చెరకు, బెల్లం కొత్తవి కావు. ఆ బెల్లాన్ని పులియబెట్టి కాస్తే వచ్చే సారా కొంపలు కూల్చడం కూడా చూశాం. అదే సారాలో ఉండే ఇథనాల్‌తో కార్లు నడుస్తాయని, వంద సంవత్సరాల క్రితమే ఒక రైతు బిడ్డ దాని కోసం పట్టుబట్టాడని మనలో చాలామందికి తెలియదు. ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు వెళ్ళే తమ్ముళ్ళ కోసం ఆయన జీవితాన్ని ఇక్కడ రాస్తున్నాం.

హెన్రీ ఫోర్డ్ 1863 జూలై 30న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, డియర్‌బార్న్ దగ్గరి పొలంలో జన్మించారు. తండ్రి ఐర్లాండు నుంచి వలస వచ్చిన రైతు. తల్లి 1876లో చనిపోయింది. వ్యవసాయం మీద మనసు లేని ఫోర్డ్ పదహారేళ్ళకే డెట్రాయిట్ చేరి మెషిన్ షాపులో పని నేర్చుకున్నారు. 1891లో ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా చేరి, రాత్రిళ్ళు ఇంటి వెనుక షెడ్డులో కూర్చుని 1896లో తన మొదటి బండి తయారు చేశారు. ఆయనకు కాలేజీ డిగ్రీ లేదు.

పెట్టుబడిదారుల కళ్ళు తన మీద పడాలంటే పందెం గెలవాలని ఆయనకు తెలుసు. 1901లో అప్పటి పేరున్న రేసర్ వింటన్‌ను ఓడించారు. 1904 జనవరిలో గడ్డకట్టిన సెయింట్ క్లెయిర్ సరస్సు మీద స్వయంగా కారు నడిపి గంటకు 147 కిలోమీటర్ల వేగం అందుకున్నారు. సరస్సు మీద కారు నడిచేంత చలి అంటే మన ధనుర్మాసపు చలి దానికి ఏ మూలకు?

1908లో వచ్చిన మోడల్ టి కారు ఆయనను ప్రపంచానికి పరిచయం చేసింది. కంప్రెషన్ తక్కువ, ఇంధనం గాలి మిశ్రమాన్ని, స్పార్కు సమయాన్ని డ్రైవరే చేత్తో సర్దుకునే వీలుంది. అందువల్ల పెట్రోలుతోనే కాక కిరోసిన్‌తో, ఆల్కహాల్‌తో కూడా నడపవచ్చు. రెండేళ్ళ ముందే, 1906లో, తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్ మీద అమెరికా పన్ను ఎత్తివేసింది. రైతు తన పంట నుంచే ఇంధనం తీసుకుంటాడని ఫోర్డ్ ఆశ. 1925లో ఒక పత్రికతో మాట్లాడుతూ రాబోయే కాలపు ఇంధనం ఆల్కహాలేనని, పండ్లు, కలుపు మొక్కలు, రంపపు పొట్టు నుంచి కూడా దానిని తీయవచ్చునని అన్నారు. కానీ పెట్రోలు చవక. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం కూడా అడ్డుపడింది. ఇంజను నాకింగ్ ఆపడానికి ఆల్కహాల్ బదులు సీసం కలిపిన పెట్రోలు 1923లో బజారుకు వచ్చి, ప్రపంచమంతా దశాబ్దాల పాటు ఆ విషాన్ని పీల్చింది.

1913లో ఆయన పెట్టిన అసెంబ్లీ లైన్‌తో, పన్నెండు గంటలకు పైగా పట్టే కారు కూర్పు గంటన్నరకు దిగింది. 1914లో రోజు కూలీని ఐదు డాలర్లు చేశారు. నల్లజాతి కార్మికులకు వేల సంఖ్యలో పని ఇచ్చారు, అయితే వారిలో ఎక్కువమందిని నిప్పుల కొలిమి లాంటి ఫౌండ్రీకే తోశారు. ఆ వివక్ష ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఇంకా పెద్ద మచ్చ ఉంది. 1920 నుంచి తన సొంత పత్రికలో యూదుల మీద విషం చిమ్మించారు. 1927లో క్షమాపణ చెప్పినా, 1938లో నాజీ జర్మనీ ఇచ్చిన పతకాన్ని తీసుకున్నారు. 1937లో యూనియన్ నాయకులను ఆయన మనుషులు చితకబాదారు. గొప్పవారి చరిత్రల్లో ఇలాంటివి దాచే పద్ధతి మాకు నచ్చదు.

1947 ఏప్రిల్ 7 రాత్రి ఆయన కన్నుమూశారు. వరద వల్ల కరెంటు పోయి, ఆ ఇంట్లో కొవ్వొత్తులే వెలుగుతున్నాయి.

ఆయన కోరిన ఇంధనం తరువాత మళ్ళీ వచ్చింది. అమెరికాలో ఇ85 పేరుతో అమ్మే ఫ్లెక్స్ ఇంధనంలో పేరుకు 85 అయినా ఇథనాల్ కాలాన్ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా మారుతుంది. ఇథనాల్ చలిలో సులభంగా ఆవిరి కాదు, ఇంజను స్టార్ట్ కాదు. అందుకే చలికాలంలో పెట్రోలు పాలు పెంచుతారు. మామూలు ఫ్లెక్స్ కారు ఈ తేడాను తనే సర్దుకుంటుంది. వేగం కోసం ఇంజనును ప్రత్యేకంగా సవరించుకున్న వారికే చిక్కు. ఒక కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. వేసవి ఇంధనానికి సరిపెట్టిన ఇంజనులో చలికాలపు ఇంధనం పోస్తే లెక్క తప్పుతుంది. ఇథనాల్ తగ్గితే నాకింగ్‌ను ఆపే శక్తీ తగ్గి, టర్బో ఒత్తిడి ఎక్కువున్న ఇంజను పిస్టన్ పాడయ్యే ప్రమాదం ఉంది. కొందరు సన్నని గాజు గొట్టంలో నీళ్ళు, ఇంధనం పోసి ఊపుతారు. ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోతుంది, పెట్రోలు పైన తేలుతుంది, గీతలు చూసి శాతం తెలుసుకుంటారు. చదువుకునే తమ్ముళ్ళు ల్యాబ్‌లో మాస్టారు ఎదుటే చేసి చూడవచ్చు.

మన దేశంలో 2003 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపాలని నిర్ణయించారు. 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. అయితే మన జిల్లా చిత్రం వేరు. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఇథనాల్‌కు గిరాకీ పెరిగే వేళకు చెరకు తోలే చోటు లేక మా పల్లెల్లో చాలామంది మామిడికి మళ్ళారు, కొందరు ఇప్పటికీ గానుగ దగ్గర బెల్లమే వండుతున్నారు.