పరుగుబాటకు పేరైన కరివర్ధన్

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మన రాయచూరు జిల్లాలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అట్లే తమిళనాడులోని కోయంబత్తూరులోను తరతరాలుగా స్థిరపడిన తెలుగువారున్నారు. అక్కడ లక్ష్మీ మిల్లును నెలకొల్పిన నాయుడుగారి కుటుంబానికి చెందినవారే సుందరం కరివర్ధన్.

నూలుమిల్లుల ఇంట పుట్టినా ఆయన మనస్సు యంత్రాల మీద లగ్నమైంది. మద్రాసు సమీపాన షోలవరంలో రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల బాట ఒకటి ఉండేది. దానిమీద కార్ల పందేలు జరిగేవి. కరివర్ధన్ స్వయంగా కార్లను తీర్చిదిద్దుకొని ఆ పందేలలో పాల్గొన్నారు. మంచి పేరు సంపాదించారు.

అయినా ఒక లోటు ఆయనను బాధించింది. ఫార్ములా కారు మామూలు కారువంటిది కాదు. అందులో ఒక్కరే కూర్చోవాలి. దాని చక్రాలు కారు శరీరానికి వెలుపల, పైకప్పు లేకుండా ఉంటాయి. అటువంటి కారును విదేశాల నుండి తెప్పించాలంటే ఎంతో ధనం కావాలి. దిగుమతి సుంకం అదనం. నేర్పు ఉండీ ధనం లేని యువకులు దూరంగా నిలబడి చూడవలసిందే.

ఈ లోటు తీర్చడానికి ఆయన కోయంబత్తూరులోనే ఒక చిన్న ఫార్ములా కారును రూపొందించి, దానికి మారుతి 800 ఇంజను అమర్చారు. అది మన దేశంలోనే దొరికే ఇంజను. చెడిపోతే బాగుచేయడం తేలిక. 1988లో వచ్చిన ఈ కారుకు ఫార్ములా మారుతి అని పేరు. అందరి కార్లకూ ఒకే రకం ఇంజను కనుక, గెలుపు ధనం కంటె నేర్పు మీదనే ఎక్కువగా ఆధారపడేది. మలుపుకు ముందు ఎక్కడ వేగం తగ్గించాలో, ఎక్కడ తిరిగి పెంచాలో కొత్తవారు ఈ కారులోనే నేర్చుకున్నారు.

అట్లా నేర్చుకున్నవారిలో కోయంబత్తూరు బాలుడు నారాయణ్ కార్తికేయన్ ఒకడు. అతడు 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఆ దినం చూసే భాగ్యం కరివర్ధన్‌కు దక్కలేదు. 1995 ఆగస్టులో ఆయన చిన్న విమానం కూలి మరణించారు.

2003లో కోయంబత్తూరు సమీపాన చెట్టిపాళయంలో సుమారు 2 కిలోమీటర్ల పందెపు బాట ప్రారంభమైంది. దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. పందెంలో గెలిచినవారికి బహుమతి దక్కుతుంది. పదిమందికి దారి చూపినవారి పేరు ఆ దారికే నిలిచిపోతుంది.