త్యాగయ్య సమాధికి గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ

సర్జాపుర రోడ్డు అపార్టుమెంట్లలో పెరుగుతున్న మన పిల్లలు రాక్ ఆల్బమ్‌ల వయసు లెక్కపెట్టి మరీ పండుగ చేసుకుంటారు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ 1973లో వచ్చింది, 2023లో దానికి యాభై ఏళ్లు నిండాయి అని మనకు చెప్పేది వాళ్లే. సంగీతకారుణ్ణి ఏడాదికోసారి తేదీ చూసుకుని తలుచుకోవడం మన పెద్దలకూ అలవాటైన పనే. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు దేహం వదిలారు. ఆ తిథి వచ్చిందంటే తిరువయ్యారులో వేలమంది ఒక్క గొంతుగా పంచరత్న కీర్తనలు పాడతారు. బెంగళూరులో మన తెలుగువాళ్లూ హాలు మాట్లాడుకుని, తంబూరా పెట్టుకుని కూర్చుంటారు. ముందు వరుసలో ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు.

ఒకప్పుడు తిరువయ్యారులో ఆ వరుసలో ఆడవాళ్లకు చోటు లేదు. ఆ చోటు కోసం పట్టుబట్టినది, సమాధికి గుడి కట్టించినది ఒక్కరే. ఆమె పేరులోనే మన ఊరుంది. అయినా మన ఇళ్లలో ఆమె గురించి తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ వంశంలోని మనిషి. తండ్రి వకీలు. ఆయన తల్లినీ బిడ్డనూ విడిచిపెట్టేశాడు. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే పండితుడి దగ్గర ఆ పిల్లకు సంస్కృతం, సంగీతం మొదలయ్యాయి. కొన్నాళ్లకు అక్కడా చెడింది. బిడ్డ విద్యలో పేరు తెచ్చుకున్నాకే మళ్లీ మైసూరులో అడుగుపెట్టాలని తల్లి పంతం పట్టి ఊరు వదిలిందని చెబుతారు. తిరిగి తిరిగి చివరికి చేరింది బెంగళూరు. ఇక్కడ ఫిడేలు విద్వాంసుడు మునిస్వామప్ప ఆమెకు సంగీతం నేర్పారు. ఆయన గురువు వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్. ఆ కృష్ణస్వామి తండ్రి వేంకటరమణ భాగవతార్ త్యాగరాజస్వామికి ప్రత్యక్ష శిష్యుడు. అంటే త్యాగయ్య పాట గురువు నుంచి గురువుకు దిగి, మన బెంగళూరులో ఒక పేద పిల్ల గొంతుకు చేరింది.

తల్లి ఎక్కువ కాలం బతకలేదు. అయినా ఆమె పంతం మాత్రం నెగ్గింది. మైసూరు దర్బారులో నాగరత్నమ్మ పాటకూ ఆటకూ ఆదరణ దొరికింది. మైసూరు హైకోర్టు న్యాయమూర్తి నరహరిరావు ఆమెకు అండగా నిలిచారు. హనుమంతనగర వైపు ఉన్న నరహరిరాయన గుడ్డ ఎక్కినవాళ్లు మన చదువరుల్లో చాలామందే ఉంటారు. ఆ గుట్టకు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది. తరవాత ఆమె మద్రాసుకు మారారు. అక్కడ ఊరూరా కచేరీలు, కన్నడ, తెలుగు, సంస్కృతాల్లో హరికథలు, గ్రామఫోన్ రికార్డులు. సంపాదన బాగా పెరిగింది. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి కళాకారిణి ఆమేనని కూడా అంటారు.

కన్నడ నేలమీద పుట్టి తెలుగు నేర్చుకున్న ఈమె తెలుగు సాహిత్యానికి చేసిన పని ఒకటుంది. కన్నడ నేలమీద తెలుగు నిలుపుకుంటున్న మనకు అది ప్రత్యేకంగా తెలియాలి. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో, 18వ శతాబ్దంలో, ముద్దుపళని అనే కవయిత్రి రాధికా సాంత్వనము అనే శృంగార కావ్యం రాశారు. ఆమె కూడా నాగరత్నమ్మ లాగే ఆడి పాడే కులానికి చెందిన విదుషి. 1887లో పైడిపాటి వెంకటనరసు ఆ కావ్యాన్ని అచ్చువేయించారు. అందులో పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, వదిలేసినవన్నీ తిరిగి చేర్చి 1910లో వావిళ్ల వారి చేత అచ్చువేయించారు.

అప్పటికే కందుకూరి వీరేశలింగం గారు ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళనిని తప్పుపట్టి ఉన్నారు. ఆడది రాయదగిన మాటలు కావని ఆయన అభ్యంతరం. నాగరత్నమ్మ తన ముందుమాటలో ఆయనకు నేరుగా జవాబిచ్చారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కరలేదా అన్నది ఆమె వాదం. ఆ రోజుల్లో వీరేశలింగం గారి మాటకు తెలుగుదేశంలో ఎంత బరువుందో మన పెద్దలకు తెలుసు. స్త్రీల చదువుకూ వితంతు వివాహాలకూ ఆయన పడ్డ పాట్లను మేము తక్కువ చేయం. కానీ ఈ ఒక్క విషయంలో న్యాయం నాగరత్నమ్మ వైపే ఉందని మా అభిప్రాయం. 1911లో మద్రాసు ప్రభుత్వం పుస్తకం అశ్లీలమని తేల్చి ప్రతులు పట్టుకుపోయింది. పండితులు, ప్రచురణకర్తలు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. నిషేధం దాదాపు ముప్పై ఆరేళ్లు నడిచింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

ఇక తిరువయ్యారు సంగతి. త్యాగరాజస్వామి పోయిన తరవాత కావేరి ఒడ్డున సమాధి కట్టారు, ఆపైన పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. 20వ శతాబ్దం మొదట్లో శిష్యపరంపరలోని వాళ్లు కొంత బాగుచేసి ఆరాధన మొదలుపెట్టారు. ఆ వెంటే తగవులూ మొదలయ్యాయి. పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండు పక్షాలై, ఒకే స్వామికి విడివిడిగా ఉత్సవాలు చేయసాగారు. సమాధి మాత్రం తుప్పల మధ్యే ఉండిపోయింది. మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప అక్కడికి వెళ్లి, ఆ దుస్థితి చూడలేక నాగరత్నమ్మకు ఉత్తరం రాశారు. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. కచేరీలు తగ్గించుకుని, ఆస్తి ఎవరికి వదలాలా అని ఆలోచించే వయసు. ఉత్తరం అందాక ఆమె తిరువయ్యారు వెళ్లారు, ఇంక ఆ ఊరిని వదల్లేదనే చెప్పాలి.

చుట్టూ స్థలం సమకూర్చుకుని 1921 అక్టోబరులో శంకుస్థాపన చేయించారు. డబ్బు ఆమెదే. నగలు అమ్మారు, ఆస్తులు అమ్మారు. సమాధి మీద గుడి లేచింది, స్వామి విగ్రహానికి ప్రతిష్ఠ జరిగింది, నిత్యపూజకు ఏర్పాటైంది.

గుడి కట్టించిన మనిషిని ఆరాధనలో పాడనిచ్చారా అంటే, లేదు. రెండు కట్చులకూ ఏ విషయంలోనూ పొత్తు కుదరకపోయినా, ఆడవాళ్లు పాడకూడదన్న దాంట్లో మాత్రం కుదిరింది. ఆమె కట్టించిన గోడల లోపల, ఆమె డబ్బుతో వెలిగే దీపం ముందు మగవాళ్లు పాడుతుంటే ఆమె వింటూ కూర్చోవాలి. నాగరత్నమ్మ ఊరుకోలేదు. 1927లో తనలాంటి కళాకారిణులను పోగుచేసి, గుడి వెనక తట్టున మూడో ఆరాధన మొదలుపెట్టారు. దానికి పెణ్గళ్ కట్చి, అంటే ఆడవాళ్ల పక్షం, అని పేరు వచ్చింది. పాటలూ హరికథలూ అన్నీ వాళ్లవే. ముందు తట్టున ఉన్నవాళ్లకు వినపడకుండా ఎలా ఉంటుంది?

అదే ఏడాది ఆమె ఇంకో పోరులోనూ దిగారు. దేవదాసీ వ్యవస్థను తీసేయాలని డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో పట్టుబట్టారు. ఆడవాళ్ల పొట్ట కొట్టవద్దు, అందరినీ ఒకే గాటన కట్టవద్దు, మాకు చదువూ కళా నిలిచే దారి చూపించండి అంటూ దేవదాసీల సంఘం తరఫున నాగరత్నమ్మ ఎదురు నిలిచారు. ముత్తులక్ష్మి గారి తల్లి కూడా ఆ కులం నుంచే వచ్చినవారు. ఆ వ్యవస్థలో చిన్నపిల్లలు పడ్డ బాధ నిజం, దాంతోపాటు నాగరత్నమ్మ లాంటి విదుషీమణుల బతుకూ మర్యాదా పోతాయన్న భయమూ నిజం. ఇద్దరిలో ఒకరిని తప్పనడం మా వల్ల కాదు. చట్టం 1947లో వచ్చింది.

తిరువయ్యారు పక్షాలు 1940లో ఒక్కటయ్యాయి. ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి మధ్యవర్తిగా పూనుకుని అందరినీ ఒక పందిరి కిందికి తెచ్చారు. ఆడవాళ్లకూ ఆ పందిట్లో చోటు దొరికింది. అందరూ కలిసి పంచరత్నాలు పాడే పద్ధతి కుదిరింది కూడా ఆ కాలంలోనే. ఈ రోజు టీవీలో మనం చూసే ఆరాధన అదే.

నాగరత్నమ్మ చివరి ఏళ్లు స్వామి సన్నిధిలోనే గడిచాయి. మిగిలిన ఆస్తిని ట్రస్టు పేర రాస్తూ, ఆడవాళ్లు పాడటానికి అడ్డు చెప్పకూడదని షరతు పెట్టారు. 1952 మే 19న అక్కడే కన్నుమూశారు. రాధికా సాంత్వనము మళ్లీ అచ్చయి వావిళ్ల వారి దుకాణానికి వచ్చింది కూడా ఆ ఏడాదే.

సర్జాపుర నుంచి హోసూరు, సేలం, తిరుచ్చి మీదుగా కారులో తెల్లవారుజామున బయల్దేరితే సాయంత్రంలోపే తిరువయ్యారు చేరవచ్చు. ఆరాధనకు వెళ్లేవాళ్లు స్వామిని దర్శించుకున్నాక వెంటనే చెప్పులు వెతుక్కోకండి. ఆ ఆవరణలోనే నాగరత్నమ్మ సమాధి, చేతులు జోడించిన ఆమె విగ్రహం ఉన్నాయి.